టిక్కుమంది, వెలగలేదు

"స్విచ్చేసినావు. అప్పుడేటయింది?"

ఊచల అవతల గోడకి జారబడ్డ మసేను తలెత్తలేదు. రాత్రి నుంచి వచ్చినవాడల్లా ఇదే అడిగాడు, ఇతనూ అదే చెప్పాడు, ఒక్కడూ నమ్మలేదు. ఇప్పుడు ఈ ఆడమనిషి వచ్చి కథని మళ్లీ మొదటికి తెచ్చింది.

"ఎలగనేదమ్మా."

"రెండూనా?"

"రెండూ. బండి ఎనక్కెల్తంటే కుయ్యికుయ్యిమని అరిసేది ఒకటుంటాది. అదీ అరవనేదు."

పుణ్యవతి స్టూలు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. బరంపురం గోసాని నువాగాంలో మోటారు సామాన్ల కొట్టు మీది గదిలో ఆవిడ ఆఫీసు. బోర్డు మీద డిటెక్టివు అని ఉంటుంది గానీ, మెట్లెక్కి వచ్చేవాళ్లలో సగం మంది అలిగి వెళ్లిపోయిన అల్లుడి ఆచూకీ కోసం వస్తారు. అంతకుముందు పోలీసుశాఖలోనే, వాహనాల సెక్షన్లో ఏళ్ల తరబడి పనిచేసింది. ఏ జీపు ఎందుకు మొరాయించిందో దూరం నుంచే విని చెప్పేసేది. మొండి మనిషి, ఓర్పు తక్కువ, కోపమొస్తే మాత్రం గొంతు తగ్గుతుంది.

జరిగినదంతా నాలుగు ముక్కల్లో చెప్పొచ్చు. ఆర్యపల్లి తీరంలో పడవల్ని ఇసకమీదికి లాగడానికి ఒక చిన్న ట్రాక్టరు ఉంది. బండి నీలకంఠానిది, తోలేవాడు మసేను. నిన్న చీకటి పడ్డాక చేపల వ్యాపారి పోతయ్య పడవ ఒడ్డుకొచ్చింది. దానికోసం అతను ఒడ్డునే ఉన్నాడు. పడవకి తాడు కట్టాలంటే ట్రాక్టరు నీళ్ల అంచుదాకా వెనక్కి వెళ్లాలి. అలా వెళ్తుంటే వెనక చక్రం కింద పడి పోతయ్య చచ్చిపోయాడు. అదే రోజు మధ్యాహ్నం ఇద్దరూ ఊరందరి ముందూ కీచులాడుకున్నారు. నా పడవ ముందు లాగకపోతే సొంత ట్రాక్టరు దింపి మీ బండికి పనే లేకుండా చేస్తానని పోతయ్య అన్నాడు. నిన్ను ఇసకలో పెట్టి తొక్కేస్తానని మసేను అన్నాడు. వేడిమీద నోరుజారిన మాట. అది కాస్తా రాత్రికి నిజమై కూర్చుంది.

ఆ ట్రాక్టరు వెనక ఈమధ్యనే రెండు లైట్లు అదనంగా బిగించారు. అవి వెలిగి ఉంటే, మనిషిని చూసి తొక్కినట్టు. అంటే హత్య. వెలగకపోతే చీకట్లో జరిగిన ప్రమాదం. పొద్దున్న పోలీసులు స్విచ్చి వేస్తే రెండూ భగ్గున వెలిగాయి, హారను ఊరంతా వినబడేలా కూసింది. ఫోన్లో వీడియో తీసుకున్నారు. ఈ పూటే ఛత్రపూర్ కోర్టుకి తీసుకెళ్తారు. ఏ సెక్షను రాసి తీసుకెళ్తారన్న దాని మీదే మసేను బతుకంతా ఉంది.

"స్విచ్చేసినప్పుడు సీటు కిందనించి ఏదన్నా సప్పుడొచ్చిందా? తొందరపడక ఆలోసించి సెప్పు."

మసేను మొదటిసారి ఆవిడ మొహంకేసి చూశాడు. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"టిక్కుమన్నాది."

"రోజూలాగేనా?"

"రోజూ టిక్కుమంటాది, లైటెలుగుతాది. నిన్న టిక్కుమన్నాది, ఎలగనేదు. ఆపి మళ్లీ ఏసినాను. మళ్లీ టిక్కుమన్నాది, అంతే. లైట్లు రాకముందు ఇన్నేళ్లూ గుడ్డిగానే తోలినాను కదాని ఎనక్కి పోనిచ్చినాను."

పుణ్యవతి లోపల్లోపల హమ్మయ్య అనుకుంది. సీటు కింద రిలే అని చిన్న పెట్టె ఉంటుంది. స్విచ్చి వేస్తే టిక్కుమనేది అదే, లైట్లకి కరెంటు వదిలేదీ అదే. అది టిక్కుమందంటే బ్యాటరీ, ఫ్యూజు, స్విచ్చి అన్నీ బాగున్నట్టు. తప్పు దాని తర్వాత ఎక్కడో ఉంది. అబద్ధమాడేవాడైతే స్విచ్చి పాడైందంటాడు, ఫ్యూజు పోయిందంటాడు. టిక్కుమని కూడా వెలగలేదనే మాట కల్పించాలని ఎవడికీ తోచదు. ఇతను నిజం చెప్తున్నాడు.

"పోతయ్య అరిసాడా?"

"నేదమ్మా." అతను అరచేతులు తొడలకి రాసుకున్నాడు. "మెత్తగా ఎక్కినాది. ఇసక దిబ్బ అనుకున్నాను. మనిసి కుయ్యి అన్లేదు, కయ్యి అన్లేదు."

నిలబడ్డ మనిషి మీదికి ట్రాక్టరు వస్తుంటే అరుస్తాడు, పక్కకి గెంతుతాడు. పోతయ్య అప్పటికే నేలమీద పడి ఉన్నాడు. అతనంతట అతనే పడ్డాడో, ఎవరైనా పడేశారో.

"ఆ వైర్లమీద ఈమధ్య ఎవలు సెయ్యేసినారు?"

"లైట్లు బరంపురం షాపులో బిగించినారు. నిన్న మద్దేనం నీలకంఠం బాబొచ్చి, ఫోను చార్జింగు పెట్టుకునే సాకెట్టు బిగించి ఎల్లినాడు."

"ఆయనే? సొంతంగా?"

"మా బాబుకి శానా ట్రాక్టర్లున్నాయి. వైరు పని ఇంకొకడి సేతికియ్యడు."

ఆ సంగతి మనసులో పెట్టుకుని పుణ్యవతి లేచింది. ఊచల మధ్యనుంచి మసేను చెయ్యి బయటికి వచ్చింది గానీ, ఆమెని తాకడానికి మొహమాటపడి అక్కడే ఆగిపోయింది.

"మా సిన్నమ్మి ఏదమ్మా?"

"బయట మెట్లమీద కూకున్నాది."

"ఒక్కమాట మాటాడనియ్యమని సెప్పమ్మా ఈలకి. రాత్రి జీపెక్కించినప్పుడు అరిసి సెప్పినాను, అంతే. మరి కనబడనేదు."

"అడుగుతాను," అంది గానీ, ఆ అడిగేది ఎవర్నో తల్చుకుంటే ఆవిడకే నమ్మకం లేదు.

ఇన్‌స్పెక్టర్ జగ్గారావు తన గదిలో కుర్చీ వెనక్కి వాల్చి కూర్చున్నాడు. ఎదురుగా బెంచీమీద తెల్ల లాల్చీ, తెల్ల కాన్వాసు బూట్లు వేసుకున్న పెద్దమనిషి టీ తాగుతున్నాడు. ఆయనే నీలకంఠం. మసేను భార్య చిన్నమ్మి పొద్దున్నే డిటెక్టివు దగ్గరికి వెళ్తానని పట్టుబడితే, తన వ్యాన్లో ఎక్కించుకుని బరంపురం తెచ్చి, మళ్లీ ఇక్కడ దింపిన మహానుభావుడు. నౌకరు కోసం ఇంత చేసే యజమాని ఈ రోజుల్లో ఎవడుంటాడని పొద్దుటినుంచి ముగ్గురు నలుగురు అననే అన్నారు.

"అయ్యిందా మేడమ్, మీ ఇంటరాగేషను?" జగ్గారావు అడిగాడు. ఇద్దరూ గోసాని నువాగాంలో ఒకే వీధిలో పెరిగారు. ఇంటి దగ్గర ఆవిడ 'అప్ప'. యూనిఫారం వేసుకున్నాక మేడమ్.

"ఆడు నిజం సెప్తన్నాడు. సెక్షను మార్చు."

"ఎందుకో?"

"రిలే టిక్కుమందంట. లైటు రాలేదంట."

"ఓహో. కోర్టుకి మీరే వచ్చి, యువరానర్, టిక్కుమంది అని చెప్పండి. చాలా బాగుంటుంది." ఫోను తీసి ఆవిడ వైపు తిప్పాడు. తెరమీద ట్రాక్టరు వెనక రెండు లైట్లు కళ్లు చెదిరేలా వెలుగుతున్నాయి. "పొద్దున్న ఏడింటికి తీసిందిది. పడవలో ఉన్న ఇద్దరూ వెలుతురు చూశామనే చెప్పారు."

"ఆలిద్దరూ పోతయ్య మనుషులు. ఫోను లైటు సూసినా ట్రాక్టరు లైటే అంటారు. రాత్రి ఎనిమిదింటికి మనిషి పోతే పొద్దున్న ఏడింటికా నువ్వు స్విచ్చేసి సూసింది? రాత్రంతా బండి ఎక్కడుంది?"

"మసేను ఇంటెనక షెడ్డులో. కానిస్టేబుల్ని కాపలా పెట్టాను."

"పడుకోలేదూ?"

"మావాళ్లు డ్యూటీలో పడుకోరు."

"నేనూ అదే డిపార్టుమెంటులో జీతం తిన్నాను జగ్గారావు. ఈ మాట ఇంకెవలికైనా సెప్పు."

నీలకంఠం టీ గ్లాసు వెనక మూతి దాచుకుని నవ్వాడు. జగ్గారావుకి చెవులు ఎర్రబడ్డాయి. లేచి వచ్చి, పుణ్యవతిని వరండాలోకి నడిపించుకెళ్లి తలుపు దగ్గరగా వేశాడు.

"బయట గేటు సూసినావా అప్పా?" గొంతు తగ్గించాడు. "పోతయ్య మనుషులు బళ్లేసుకుని కాసుకున్నారు. పైనించి గంటగంటకీ ఫోను. నేను ప్రమాదమని రాసి ఈణ్ణి బెయిలు మీద ఒదిల్తే, రాత్రికి ఈడి ఇల్లుండదు, ఈడూ ఉండడు. రాయకపోతే నువ్వు తిడతావు. నువ్వు ఉద్యోగం ఒదిలీసి ఎల్లిపోయావు. నేను ఎక్కడికి ఎల్లను?"

"అందుకని ఆణ్ణి పదేళ్లో ఇరవయ్యేళ్లో లోపలేసీడమేనా?"

"నాకు సేతికి అందే ముక్క ఏదైనా తే. టిక్కు, టక్కు కాదు. మూడింటికి జీపు కదుల్తాది."

"భార్యతో ఒక్కమాట మాట్లాడనీ."

"కుదరదు. సాక్షుల లిస్టులో దాని పేరుంది."

ఇంత చెప్పాక ఇంక అతనితో పనిలేదు. పుణ్యవతి చీరకుచ్చిళ్లు దోపుకుని వెనక పెరట్లోకి నడిచింది.

పట్టుకున్న బళ్లన్నీ అక్కడే పడేస్తారు. గోడకీ, టైర్లు లేని ఒక లారీకీ మధ్య సందులో చిన్న ట్రాక్టరు ఇరికించి ఉంది. ఎండ మండిపోతోంది. ఆవిడ గోనెపట్టా పరిచి, టార్చి నోట కరుచుకుని, వెల్లకిలా పడుకుని కిందికి జరిగింది. పెద్ద ట్రాక్టరైతే కూర్చుని చూడొచ్చు. దీని పొట్ట నేలకి జానెడెత్తులో ఉంది. భుజాలు అయితే దూరాయి గానీ, దూరాక అటు తిరగడానికీ లేదు, ఇటు తిరగడానికీ లేదు. ముక్కుకి పైన నూనె కారుతున్న ఇనుము. చెయ్యి మడవాలంటే ముందు ఊపిరి వదలాలి.

కిందంతా సముద్రపు ఇసక అట్టకట్టి ఉంది. నిన్న రాత్రి తడి ఇసక ఎగజిమ్మి, ఇనుముకీ వైర్లకీ అంటుకుని, ఎండి పెళుసైపోయింది. ఆవిడ లైట్ల వైర్ల కట్ట పట్టుకుని వెతుక్కుంటూ వచ్చింది. ఎర్రవి రిలేలోకి వెళ్లాయి. అవి బాగానే ఉన్నాయి. నల్లవి, రెండు లైట్లవీ హారనుదీ కలిపి మూడు, కుడి మడ్‌గార్డు కింద ఒక బోల్టు దగ్గరికి వచ్చాయి. అక్కడ వాటి కొసలు కత్తిరించి ఉన్నాయి. ఆ కొసల్ని ఒక కొత్త వైరుకి ముడేసి, సైకిలు ట్యూబు ముక్క చుట్టి, కొవ్వొత్తి మైనం పోసి, ఆ కొత్త వైరుని బ్యాటరీ దాకా తీసుకెళ్లారు. దారి పొడుగునా ఆకుపచ్చ వలదారంతో కట్టుకుంటూ పోయారు.

ఆ కొత్త వైరు మీద ఒక్క ఇసక రేణువు లేదు. అట్టకట్టిన ఇసక మీదుగా పరిచారు దాన్ని. లాగినచోట ఆ పొర గీసుకుపోయింది కూడా. ట్రాక్టరు మళ్లీ తీరానికి వెళ్లలేదు. అంటే ఈ వైరు వేసింది పోతయ్య పోయిన తర్వాతే, పోలీసులు వీడియో తియ్యకముందే. ఇది లేనప్పుడు లైట్లు వెలగవు. మసేను చెప్పినదానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

సంతోషంతో కాళ్లు జాడించబోయి, మోకాలు ఇనుముకి కొట్టుకుని, ఓరి నాయనో అని ఆగిపోయింది. ఇంకా అయిపోలేదు. ఎవరు వేశారో తేలాలి.

బరంపురంలో బళ్లకి వైరింగు చేసేవాళ్లెవరూ ఇలా చెయ్యరు. వాళ్లకి ఎర్రవైరు ఒక్కటే ముఖ్యం. నల్లవైరుని దగ్గర్లో ఉన్న ఏ బోల్టుకో బిగిస్తారు. అక్కడినుంచి బండి ఇనుమే కరెంటుని బ్యాటరీకి తిరిగి తీసుకెళ్తుంది. దానినే ఎర్తు అంటారు. పడవల వాళ్ల సంగతి వేరు. ఫైబరు పడవకి ఇనుము ఒళ్లే ఉండదు. ప్రతి దీపానికీ రెండు వైర్లూ బ్యాటరీ దాకా వెళ్లాల్సిందే. ఉప్పుగాలి తగలకుండా మైనం పొయ్యాల్సిందే. ఈ పని ఆర్యపల్లి చెయ్యి చేసింది.

మరి ఆ బోల్టు? టార్చి అటు తిప్పింది. తుప్పు లేదు. కానీ వేలు పెడితే జిగురు అంటుకుంది. బోల్టు చుట్టూ, దాని కింది ఇనుము మీదా గుండ్రంగా నల్లటి జిగురు. టేపు చుట్టి, దాని మీద వైరు బిగించి, తర్వాత ఎవరో పీకేసిన మరక. టేపు అడ్డం ఉంటే కరెంటు ఇనుముని తాకదు. రిలే టిక్కుమంటుంది, లైటు వెలగదు, హారను కూయదు. ఈ పని పడవల వాళ్లకి తట్టదు. ఇనుములో కరెంటు నడుస్తుందని తెలిసినవాడే, ఆ నడకని ఎక్కడ ఆపాలో తెలుసుకుని ఆపాడు.

అప్పుడే తెల్ల కాన్వాసు బూట్లు రెండు వచ్చి ఆవిడ తల పక్కన ఆగాయి.

"ఏటైనా దొరికిందా అమ్మా?" నీలకంఠం గొంతు తేనెలా ఉంది.

పుణ్యవతి జవాబివ్వలేదు. నోట్లో టార్చి ఉంది. అదీకాక పైన ఆయన చెయ్యి గేరు కర్ర మీద పడ్డ చప్పుడు వినబడింది. పెరడు గేటు వైపుకి వాలుగా ఉంది, గేరు తప్పితే బండి దొర్లుతుంది. చక్రాల కింద రాయి పెట్టారో లేదో చూసుకోకుండా దూరినందుకు తనని తాను తిట్టుకుంది. ఇప్పుడు జరుగుదామన్నా జరగలేదు. బండి పొట్ట కొద్దిగా కదిలి, నూనె చుక్క ఒకటి చెంపమీద పడింది.

"తుప్పు దొరికింది," అంది టార్చి ఉమ్మేసి.

"సముద్రం కాడ తుప్పు కాపోతే ఏటి దొరుకుతాది?" ఆయన నవ్వాడు. ఆ బూట్లు ఇంకా కాసేపు అక్కడే ఉన్నాయి. తర్వాత మెల్లగా వెళ్లిపోయాయి.

ఆవిడ బయటికి పాక్కుంటూ వచ్చేసరికి జాకెట్టు చెమటకి ముద్దయిపోయింది. భయపడింది, అందులో దాచేదేం లేదు. మొహం తుడుచుకుని నేరుగా స్టేషను పక్కమెట్ల దగ్గరికి వెళ్లింది. చిన్నమ్మి అక్కడ మోకాళ్లు పొదివి పట్టుకుని కూర్చుని ఉంది. ముప్పయ్యేళ్లుంటాయేమో. కుడిచేతి వేళ్లకి వలదారం కోసిన పాత గాట్లు. గోళ్ల కింద మైనం.

పుణ్యవతికి ఇంక అడగాల్సిన పనే లేకపోయింది. అయినా అడిగింది.

"ఎప్పుడేసినావు ఆ వైరు?"

చిన్నమ్మి అటూ ఇటూ చూసింది. "మీకెలా తెలిసిందమ్మా?"

"ఎప్పుడు?"

"తెల్లారగట్ల. కానిస్టేబులు బాబు గుర్రు పెడతన్నాడు. మా పడవ దీపాలన్నీ నానే కడతాను. రాత్రి మా ఆయన్ని జీపెక్కించినప్పుడు, సిన్నమ్మీ, లైటెలగనేదే, అని అరిసినాడు. ఆడు వల సిరిగిందంటే కుడతాను, దీపం ఆరిందంటే కడతాను. ఎప్పుడూ అంతే. బాగు సెయ్యమనే సెప్తన్నాడనుకున్నాను. లైటు నేకుండా బండి తోలినాడని పోలీసులకి తెలిత్తే కొడతారు కదా. అందికని సేసీసినాను." ఆశగా అడిగింది. "బాగా ఎలిగాయంట కదమ్మా పొద్దున్న? మంచిదే కదా?"

పుణ్యవతి మెట్టుమీద కూలబడింది. మనుషుల్ని నిలదీసి నిజం కక్కించడం ఆవిడకి అలవాటే. ఇలాంటి నిజాన్ని ఎదుటిమనిషికి చెప్పాల్సి రావడం మాత్రం అలవాటు లేదు.

"ఆ లైట్లు ఎలగకపోతేనే నీ మొగుడు బతికేవాడు," అంది చివరికి. "చీకట్లో కనబడక తొక్కీసినాడు అనేవోలు. ఇప్పుడు లైట్లున్నాయి గాబట్టి సూసి తొక్కినాడంటన్నారు. ఆడు ఎలగలేదని సెప్పింది నీకు కాదు, లోకానికి."

చిన్నమ్మికి ఆ మాట బుర్రకెక్కడానికి కొంచెం సేపు పట్టింది. ఎక్కాక ఏడవలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పుణ్యవతి ఆమె వీపు మీద చెయ్యి వేసింది. ఏం చెప్తే ఏం బాగుపడుతుంది? దీన్ని తీసుకెళ్లి జగ్గారావు ముందు నిలబెడితే, సాక్ష్యం తారుమారు చేసిందని దీన్నీ లోపలేస్తాడు. మొగుణ్ణి కాపాడ్డానికి పెళ్లాం కట్టిన కట్టుకథ అని కోర్టులో ఎవడైనా అంటాడు. నిలబెట్టకపోతే మసేను పోతాడు. బండి కింద ఇరుక్కున్నప్పుడే కాస్త నయంగా ఉందనిపించింది.

"బోల్టుకి టేపు ఉండాల. అదేదీ?"

"ఉన్నాది. వైరు సివర రింగుకి నల్లటేపు దట్టంగా సుట్టీసినారు. ఎందుకు సుట్టినారో నాకు తెలవనేదు. మేం ఇనుముని నమ్మం గదా, ఆ రింగు కోసీసి, టేపుతో సహా కొంగున కట్టుకున్నాను."

"కొంగు ఇప్పు."

"ఇప్పుడు నేదమ్మా. పొద్దున్న వ్యాన్లో నీలకంఠం బాబుకి సూపించినాను, మీ బరంపురం షాపోడి పని సూడండి బాబూ అని. నానడుగుతాన్లే ఆణ్ణి, ఇలా ఇయ్యి, అని తీసుకున్నాడు. ఎవలికీ సెప్పొద్దన్నాడు, వైరు ముట్టుకున్నావని తెలిత్తే నిన్నూ తీసుకుపోతారన్నాడు. మీరడిగారు గాబట్టి సెప్పినాను."

పుణ్యవతికి లెక్క కలిసింది. నిన్న మధ్యాహ్నం సాకెట్టు బిగించే వంకతో వైర్ల మీద చెయ్యి వేసినవాడు ఆయన. వేరే ట్రాక్టరు తీరంలోకి దిగితే నష్టపోయేది ఆయన. పోతయ్యని స్పృహ తప్పించి దారిలో పడేశాడు, లైటుదీ హారనుదీ నోరు నొక్కాడు, మిగిలిన పని మసేను చక్రాలతో చేయించాడు. ఒక్క టేపుముక్క ఆయన చెయ్యి పట్టించేది. అది ఆయన జేబులోకే వెళ్లింది. ఇప్పుడు ఆ టేపు ఉండేదని చెప్పగల మనిషి ఈ భూమ్మీద ఒక్క చిన్నమ్మే.

"ఈ మాట ఇంకెవలితోనూ అనకు. ఆ వ్యాన్ మాత్రం ఎక్కకు. ఇన్నావా?"

చిన్నమ్మి వినలేదు. ముందువైపు జీపు స్టార్టయింది. ఇద్దరు కానిస్టేబుళ్లు మసేనుని బేడీలతో మెట్లు దింపుతున్నారు. ఆమె లేచి పరిగెత్తి, జగ్గారావు కాళ్లకి అడ్డం పడింది.

"ఆజ్ఞా బాబూ, నాను సేసినాను. వైరు నానేసినాను. మా ఆయన లైటెలగనేదన్నది నిజం. తెల్లారగట్ల నానే బాగు సేసినాను."

జగ్గారావు పుణ్యవతి వైపు చూశాడు.

"నిజమే," అందావిడ. "బండి కింద సూడు. ఎండిన ఇసక మీద కొత్త వైరుంది. బోల్టుకి టేపు జిగురుంది. జీపు ఆపు జగ్గారావు."

"ఏటి సేసినావో తెలుసా నువ్వు?" జగ్గారావు చిన్నమ్మినే అడిగాడు. కోపం కన్నా విసుగే ఎక్కువుంది ఆ గొంతులో. "పోలీసు కాపలాలో ఉన్న బండి ముట్టుకోడం ఎంత నేరమో తెలుసా? ఎవరక్కడ, లేడీ కానిస్టేబుల్ని పిలు." తర్వాత మసేను వైపు తిరిగాడు. "ఏరా, నీ పెళ్లాం సెప్పింది ఇన్నావు గదా. నిజమేనా?"

మసేను చిన్నమ్మిని చూశాడు. రాత్రి నుంచి ఒక్క మాట కోసం కాచుకున్న మనిషి, ఆమెని అలా చూస్తూనే ఉన్నాడు. లేడీ కానిస్టేబులు వరండాలోంచి దిగి వస్తోంది.

"ఒద్దు మసేనూ," అంది పుణ్యవతి. అతను ఏం చెయ్యబోతున్నాడో ఆవిడకి అర్థమైపోయింది.

"అది ఎర్రిది ఆజ్ఞా," అన్నాడు మసేను. బొంగురుపోయిన గొంతు ఇప్పుడు స్థిరంగా ఉంది. "నన్ను ఇడిపించుకోడానికి కత కట్టినాది. అది ఏ వైరూ ముట్టుకోనేదు. లైట్లు ఎలిగాయి. పోతయ్య కనబడ్డాడు. సూసీ తొక్కీసినాను."

"కోర్టులో మేజిస్ట్రేటు ముందు ఇదే సెప్తావా?"

"ఎక్కడ సెప్పమంటే అక్కడ సెప్తాను. దాన్ని ఇంటికి పంపీయండి."

చిన్నమ్మి, నేదు నేదు అంటూ తల అడ్డంగా ఊపుతోంది గానీ, వినేవాడు లేడు. జగ్గారావు టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. నిజం ఎటువైపుందో అతనికి తెలియక కాదు. గేటు బయట పోతయ్య మనుషుల అరుపులు వినబడుతున్నాయి. నిందితుడు నోరారా ఒప్పుకున్నాడు.

"సరే, దాన్నొదిలీండి," అన్నాడు. "ఎవరైనా ఇంటి దగ్గర దింపీండి."

"నేను దింపుతానులెండి," అంటూ నీలకంఠం వ్యాను తాళాలు తీసుకుని ముందుకొచ్చాడు. "మన పిల్లే కదా. పద సిన్నమ్మీ."

పుణ్యవతి చిన్నమ్మి మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఎవరేమన్నా వదిలేది లేదనుకుంది. జీపెక్కుతున్న మసేను ఒక్క క్షణం ఆగి వెనక్కి తిరిగాడు. బేడీలున్న రెండు చేతులూ ఎత్తి, కళ్లనీళ్లతో నీలకంఠానికి దండం పెట్టాడు.